మాటల నెట్టా మౌనంగా కూర్చున్న సంగతి

లిలియెన్‌ఫెల్ట్‌లో నెట్టా టైక్రోబ్ కాసేపు మాట్లాడకుండా కూర్చుందని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాళ్లకే ఒంట్లో బాగాలేదేమోనని అనుకునేవారు. ఆవిడ నోరు అలాంటిది. పాలు పితుకుతూ ఆవులతో మాట్లాడేది. రొట్టెలకు పిండి పిసుకుతూ పిండితో మాట్లాడేది. పీటర్ బతికున్న రోజుల్లో పీటర్‌తో మాట్లాడేది. ఆయన పోయాక ఆయన కూర్చునే కుర్చీతో మాట్లాడేది. పీటర్ మహా తక్కువ మాటల మనిషి. పెళ్లికి ముందు స్నేహితులు, "ఆ పిల్ల నోటికి తట్టుకోగలవటరా?" అని ఏడిపిస్తే, "నా వాటా కూడా తనే మాట్లాడేస్తుంది, నాకు పని తప్పుతుంది" అన్నాడట. ఆయన జన్మలో అన్న పొడుగాటి మాట అదేనని నెట్టా నవ్వుతూ చెప్పుకునేది.

మానిటోబా మైదానంలో మెన్నోనైట్లనే క్రైస్తవ శాఖవాళ్లుండే ఆ ఊరికి ఒకటే వీధి, ఒకటే చర్చి. ఊళ్లో ఎవరు పోయినా చర్చి కింది వంటింట్లో ముందుగా వెలిగేది నెట్టా ముట్టించిన పొయ్యి. ఎవరికి కాన్పయినా ముందుగా తలుపు తట్టేది ఆవిడ చేతిలోని సూపు గిన్నె. ఆ గిన్నె తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా వచ్చేది కాదు. ఎవరో నాలుగు గుడ్లు పెట్టేవారు, ఎవరో ప్లమ్ పళ్ల జామ్ పెట్టేవారు. దాన్ని ఎవరూ పెద్ద సంగతిగా అనుకునేవారు కాదు.

నెట్టాకు పిల్లలు పుట్టలేదు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడని సంగతి ఏదైనా ఉందంటే అదొక్కటే. ఆ లోటుకు దేవుడు ఆవిడకు సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు ఇచ్చాడు. ఇప్పుడు ఆ క్లాసులో కూర్చునే పిల్లల తండ్రులు కూడా ఒకప్పుడు ఆవిడ ఒళ్లో కూర్చుని ముక్కు తుడిపించుకున్నవాళ్లే. ఆదివారం పొద్దున ఆ చిన్న గదిలోకి అడుగుపెట్టగానే, పొట్టి కాళ్లన్నీ ఒక్కసారిగా తన మీదికి పరుగెత్తుకొచ్చేవి. మిగిలిన వారమంతా ఆవిడ ఆ పరుగు కోసమే ఎదురుచూసేది.

ఇక ఆవిడ ప్రార్థన సంగతి చెప్పాలి. స్త్రీల కూటంలో నెట్టా వంతు ఎప్పుడూ చివరికే పెట్టేవారు. ముందు పెడితే మిగతావాళ్ల వంతు రాదు. వానలు, ఆవుల పొదుగు వాపులు, తీనా చెల్లెలి నడుము నొప్పి, పక్క జిల్లాలో పడవ బోల్తాపడిన కుర్రాడు, చర్చి కప్పు కారే చోటు, అన్నీ ఒకదాని వెంట ఒకటి దేవుడికి అప్పజెప్పేది. ఒకసారి సంఘపెద్ద ఐజాక్ డ్యూక్ భార్య మరీఖెన్ కళ్లు మూసుకునే, "నెట్టా, పొయ్యి మీద బంగాళాదుంపలు మాడుతున్నాయి, అవి కూడా ఆయనకే చెప్తావా?" అంది. ఆ రోజు ఆమేన్ చెప్పడానికి ఎవరికీ నవ్వు ఆగలేదు.

అలాంటి నెట్టాకు రక్తపోటు వచ్చింది.

పక్క పట్నం ఆసుపత్రిలో ఒక్సానా అనే నర్సు ఉండేది. ఉక్రేనియన్ వాళ్ల పిల్ల, నవ్వితే బుగ్గలు రెండూ కళ్లను మూసేస్తాయి. నెట్టా చేతికి పట్టీ చుట్టి, పాదరసం చూసి, పెదవి విరిచింది.

"నెట్టా గారూ, మీరు ఎప్పుడైనా ఊరికే కూర్చుంటారా?"

"కూర్చోకేం తల్లీ. బటానీలు ఒలిచేటప్పుడు కూర్చునేగా ఒలుస్తాను."

"అలా కాదు. చేతిలో ఏమీ లేకుండా."

"చేతిలో ఏమీ లేకుండా ఎవరైనా ఎందుకు కూర్చుంటారే?"

అలా మంగళవారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి. పట్నంలో కర్లింగ్ ఆడే షెడ్డు పైన ఒక గది ఉంది. అక్కడ ఒక్సానా పదిమందిని పోగేసి, ముందు ఒళ్లు సాగదీయించి, తర్వాత కళ్లు మూయించి మౌనంగా కూర్చోబెట్టేది. కింద మంచు మీద రాళ్లు జారే చప్పుడు, ఆటగాళ్ల అరుపులు పైకి వినబడుతూనే ఉండేవి. మొదటిరోజు ఒక్సానా అందరికీ ఒక మాట చెప్పి, లోపల అదే అనుకుంటూ ఉండమంది. ఎక్కడో తూర్పు దేశాల మాట అది. అందరూ కళ్లు మూశారు. నెట్టా చెయ్యి ఎత్తింది.

"అమ్మాయ్, ఈ మాటకి అర్థమేంటి?"

"అర్థం పట్టించుకోకండి. ఆ శబ్దం చాలు."

"తెలీని పుట్టగొడుగు మేం కూరలోనే వెయ్యం. తెలీని మాట నోట్లో ఎలా వేసుకోమంటావ్?"

కళ్లు మూసుకున్నవాళ్లు కూడా నవ్వారు. ఒక్సానాకు కోపం రాలేదు. "అయితే మీకు తెలిసిన మాటే అనుకోండి" అంది.

"మా ప్రభువు పేరు అనుకోవచ్చా?"

"మీ ఇష్టమండీ. నేను గుడికీ చర్చికీ దేనికీ వెళ్లను గానీ, మా బామ్మ కూడా ఆ పేరే అనుకునేది. ఉన్ని తాడుకి ముళ్లు వేసుకుని, ఒక్కో ముడికీ ఒక్కోసారి."

ఆ జవాబుతో నెట్టా మనసు కుదుటపడింది. కళ్లు మూసుకుంది. మూసుకుని చక్కగా నిద్రపోయింది. ఆవిడ గురకకు కింద ఆట కూడా ఆగిందని పట్నంవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు.

తర్వాతి వారాల్లో నిద్ర రాలేదు గానీ, తలలో సంత సాగింది. కోడిపిల్లలకు గింజలు వేశానా, ఫలానా గిన్నె ఎవరింట్లో ఉండిపోయింది, ఎదుటి అబ్బాయి సాక్సు చిరిగింది, వాళ్లావిడ చూసుకోదా. ఒక్కొక్కటీ వస్తుంటే, "అయ్యా, ఇదిగో ఇది కూడా చూసుకో" అని ప్రభువుకు అప్పజెబుతూ పోయింది. చలికాలం చివరికొచ్చాక, ఒక మంగళవారం, అప్పజెప్పడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. నెట్టాకు మొదట భయం వేసింది, ఎవరింటికో వెళ్లి ఏమీ తోచక నిలబడ్డట్టు. ఆ తర్వాత, ఎదురుగా ఎవరో ఎంతోసేపటి నుంచి ఓపికగా కూర్చుని ఉన్నట్టూ, ఆ మనిషికి తనంటే ఎంతో ఇష్టమున్నట్టూ అనిపించింది. మాటేమీ వినబడలేదు. వెలుగేమీ కనబడలేదు. అంతే.

తిరిగొస్తూ దారంతా ఏడ్చింది, నవ్వింది. ఇంటికొచ్చి పీటర్ కుర్చీతో చెప్పింది. "విన్నావా? పాపం ప్రభువు, ఇన్నేళ్లూ ఆయన్ని నేను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. నిన్నూ అంతేగా. నువ్వెలా భరించావో, ఆయనా అలాగే భరించాడు."

ఇంత సంతోషం దొరికాక నెట్టా దాన్ని తన ఒక్కదానికే దాచుకోగలదా? సంతోషం దొరికితే పిల్లలకు పెట్టాల్సిందే. వచ్చిన ఆదివారం కథ మొదలుపెట్టేముందు, "పిల్లలూ, కళ్లు మూసుకోండి. మీ ఊపిరి వస్తోందా, పోతోందా చూసుకోండి. కాసేపు ఊరికే కూర్చోండి" అంది. పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. ఒకళ్లిద్దరు ఊపిరి బిగబట్టి ఎర్రబడ్డారు, అంతే.

ఆ మధ్యాహ్నం యేకబ్ ఫ్రోజ ఇంట్లో అందరూ బల్ల చుట్టూ కూర్చోగానే, ఆయన చిన్న కూతురు లీనా, "ఆగు నాన్నా. ఊపిరి వస్తోందో లేదో ముందు చూసుకోవాలి" అంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"నెట్టా అత్త."

ఊరు చిన్నది. సాయంత్రానికల్లా ఆ మాట వీధి చివరి ఇల్లు చేరింది. బొంతలు కుట్టే చోట, స్త్రీల కూటంలోని తీనా సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అడిగింది. "నెట్టా, పట్నంలో కాళ్లు మెలేసుకుని కూర్చుంటున్నావట?"

"నా మోకాళ్లతోనా? ఒకసారి మెలేస్తే విడదియ్యడానికి మీ ఆయన ట్రాక్టర్ తేవాలి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎప్పటిలా చివరిదాకా సాగలేదు. మధ్యలోనే తెగింది. నెట్టా దాన్ని గమనించింది.

యేకబ్ మంచివాడు. కూతురి గురించి దిగులుపడి శనివారం సంఘపెద్ద దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఆ రాత్రి మంచు పడింది. ఆదివారం తెల్లవారేసరికి నెట్టా వాకిట్లో మంచు శుభ్రంగా తోసేసి ఉంది. యేకబ్ ట్రాక్టర్ చక్రాల గుర్తులు ఆవిడ గేటు నుంచి ఆయన గేటు దాకా ఉన్నాయి. ఏటా చలికాలమంతా ఆయన చేసే పనే అది. ఫిర్యాదు చేసినంత మాత్రాన మానేస్తాడా?

ఐజాక్ డ్యూక్ పొడుగాటి మనిషి, నెరిసిన కనుబొమలు. ఆయన చేత మాట అనిపించుకోవాలంటే ఊళ్లో అందరికీ జంకే. అలాగని కఠినుడు కాదు. ఆయనకు ఒక చెల్లెలుండేది, జస్టీనా. బడిలో నెట్టా పక్కనే కూర్చునేది. వయసులో ఉండగా పడమటి తీరానికి వెళ్లి, ధ్యానం నేర్పుతానన్న ఒక గురువు వెంట పడింది. ఉన్నదంతా ఆయనకిచ్చేసి, పేరు కూడా మార్చుకుంది. తల్లి పోతే అంత్యక్రియలకు రాలేదు. తర్వాత ఆ గుంపు చెదిరిపోయిందనీ, జస్టీనా ఒక్కతే ఎక్కడో తోటపని చేసుకుంటోందనీ తెలిసింది. అప్పట్నుంచీ ధ్యానమన్న మాట వింటే ఐజాక్ ముఖంలో నెత్తురు ఉండేది కాదు.

ఆ ఆదివారమే మధ్యాహ్నం ఐజాక్, మరీఖెన్ ఫాస్పాకని నెట్టా ఇంటికి వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచాక తీసుకునే కాఫీ, చల్లటి మాంసం, జామ్, రొట్టెలను అక్కడ ఫాస్పా అంటారు. దానికి ఎవరూ చెప్పి రారు. ఎవరింట్లో అయినా నలుగురికి సరిపడా ఉంటుంది. అయినా వాళ్ల కారు గేటు దగ్గర ఆగగానే నెట్టాకు సంగతి అర్థమయింది. ఐజాక్ ఆదివారం కోటు విప్పలేదు.

ముందుగదిలో కూర్చుని కాసేపు కరుగుతున్న మంచు గురించి, ఈనబోయే ఆవు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఐజాక్ గొంతు సవరించుకున్నాడు.

"నెట్టా, నేనెందుకొచ్చానో నీకు తెలుసు."

"తెలుసు అన్నయ్యా."

"మనసు ఖాళీ చేసి తలుపు తీసిపెడితే ఎవరు వచ్చి కూర్చుంటారో మనకి తెలీదు. ఊడ్చిపెట్టిన ఖాళీ ఇంట్లోకి దయ్యాలు దూరతాయని ప్రభువే చెప్పాడు. నీకేం కాదేమో. పెద్దదానివి. ఆ పసివాళ్లకి..." ఆయన ఆగాడు. "పెద్దలం కూర్చుని అనుకున్నాం. మంగళవారాలైనా మానుకో, పిల్లల క్లాసైనా మానుకో. రెండూ కుదరవు. ఇవాళ జవాబు తీసుకెళ్లాలి నేను."

 ఆదివారం ఉదయం ఆ గది తలుపు, దాని వెనక పరుగెత్తుకొచ్చే కాళ్లు నెట్టా కళ్లముందు కదిలాయి. రెండోవైపు, ఎదురుగా ఓపికగా కూర్చున్న ఆయన. ఆయన్ని అక్కడ వదిలేసి రావడమంటే ఏమిటో ఆవిడకు అర్థం కాలేదు. నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోట్లోంచి మాట రాలేదు.

మరీఖెన్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ముందు కాఫీ తాగుదాం. ఆకలి మీద జవాబులేంటి?" అంది భర్తతో. ఆయన సరేనన్నాడు.

బల్ల మీద జ్వీబాక్ రొట్టెలు సర్దుతుండగా వాకిలి తలుపు చప్పుడయింది. ఒక ఉండ మీద చిన్న ఉండ కూర్చోబెట్టి కాల్చిన ఆ మెత్తటి రొట్టెల వాసన వీధి దాకా వెళ్లిందేమో. గుమ్మంలో ఒక్సానా, చేతిలో నెట్టా గిన్నె, అందులో బీట్‌రూట్ పచ్చడి సీసా.

"మొన్న మీరు ఇచ్చిన గిన్నె ఖాళీగా తేవద్దన్నారుగా. ఇది మా అమ్మ చేసింది" అంది. అంతలో లోపల మనుషుల్ని చూసి, "అయ్యో, చుట్టాలున్నారా? మళ్లీ వస్తాను" అని వెనక్కి తిరిగింది.

నెట్టా ఒకసారి ఐజాక్ వైపు, ఒకసారి ఒక్సానా వైపు చూసింది. ఫాస్పా వేళకు గుమ్మంలోకి వచ్చిన మనిషిని పంపేయడం మాత్రం ఆ ఇంట్లో జరగని పని. "లోపలికి రా, తల్లీ. ఆసుపత్రిలో పనిచేస్తుంది అన్నయ్యా" అంది. అబద్ధం కాదు. ఐజాక్ మర్యాదగా లేచి ఒక్సానాకు కుర్చీ జరిపాడు.

పాత ఇళ్లల్లో వాళ్లకొక అలవాటు ఉంది. తినేముందు ప్రార్థన పైకి చెప్పరు. అందరూ తల వంచుతారు. ఎవరికి వాళ్లు లోపల చెప్పుకుంటారు. బల్ల దగ్గర అందరికంటే పెద్దవాడైన మగమనిషి చిన్నగా దగ్గుతాడు. అప్పుడు తలలెత్తి తినడం మొదలుపెడతారు. ఆ దగ్గు వినకముందు రొట్టె మీద చెయ్యి వేసినవాడు లిలియెన్‌ఫెల్ట్‌లో పుట్టలేదు.

కాఫీ పోశారు. ఐజాక్ తల వంచాడు. అందరూ వంచారు.

నెట్టా ముందు తన జవాబు కోసం వెతుక్కుంది. ఏదీ దొరకలేదు. చూరు మీద మంచు కరిగి చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఈ దగ్గు ఎప్పుడు వినబడుతుందోనని భయపడింది. వినబడ్డాక తను ఏదో ఒకటి చెప్పాలి. "ఇంకాస్త ఆగనీ ప్రభువా" అనుకుంది. ఆగింది. ఇంకా ఆగింది. ఆగేకొద్దీ ఆవిడకు తన పట్టు తెలిసొచ్చింది. ఆ పిల్లల్ని ఎంత గట్టిగా పట్టుకుందో, వాళ్లు తనవాళ్లేనన్నట్టు ఎంతకాలంగా పట్టుకుందో తెలిసింది. "అయ్యా, వాళ్లు నీవాళ్లు. నువ్విచ్చావు. నువ్వు తీసుకుంటానంటే తీసుకో" అంది లోపల. అన్నాక బాధ పోలేదు గానీ, ఊపిరి ఆడింది.

అప్పుడు గమనించింది. దగ్గు ఇంకా రాలేదు.

మెల్లిగా ఒక కన్ను తెరిచింది. ఎదురుగా మరీఖెన్ కూడా ఒక కన్నే తెరిచి చూస్తోంది. కాఫీల మీద ఆవిరి లేదు. మరీఖెన్ కనుబొమలు ఎత్తి భర్త వైపు చూపించింది. పెదవులతో, "నిద్రపోయాడా?" అంది. నెట్టా తల అడ్డంగా ఊపింది. ఐజాక్ నిద్రపోలేదు. వచ్చినప్పుడు బిగించి ఉన్న ఆయన పెద్ద పెద్ద చేతులు బల్ల మీద విడిపోయి, వెల్లకిలా పడున్నాయి. నెరిసిన కనుబొమల కింద తడి ఉంది.

ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. సంఘపెద్ద బల్ల దగ్గర ఉండగా ఆడమనిషి దగ్గి ప్రార్థన ముగించడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. మరీఖెన్ బల్లకింద కాలితో తడదామని చూసింది. అది ఒక్సానా కాలికి తగిలింది. ఒక్సానా కదల్లేదు. ఈ ఇంట్లో ఇదే పద్ధతి కాబోలనుకుని, హాయిగా కళ్లు మూసుకుని, ఇంత బాగా కూర్చునే మనుషులు దొరికినందుకు చిరునవ్వుతో కూర్చుని ఉంది. ఆ నవ్వు చూసి నెట్టాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. మరీఖెన్‌కు కూడా. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా, భుజాలు అదరకుండా, మళ్లీ తలలు వంచుకున్నారు.

ఎట్టకేలకు ఐజాక్ దగ్గాడు.

"కాఫీ నీళ్లయింది" అంది మరీఖెన్, ముఖం తుడుచుకుంటూ.

ఒక్సానా మాత్రం పొంగిపోయింది. "ఎంత బాగా కూర్చున్నారండీ పెద్దాయనా. మా మంగళవారం క్లాసులో ఒక్కరు కూడా ఇంత నిశ్చలంగా ఉండరు. మీరెక్కడ నేర్చుకున్నారు?"

 ఐజాక్ ఆ పిల్ల వైపు చూశాడు. నెట్టా వైపు చూశాడు. ఆసుపత్రిలో పనిచేసే ఈ పిల్ల ఎవరో ఆయనకు అర్థమయింది.

"మా నాన్న దగ్గర" అన్నాడు చివరికి. "ఆయన ఇంకా ఎక్కువసేపు ఉంచేవాడు. మాకు కడుపులో ఎలుకలు పరుగెత్తేవి."

 ఆయన జ్వీబాక్ పై ఉండను కింది ఉండ మీంచి తుంచి, తినకుండా చేత్తో పట్టుకున్నాడు.

"కోపంతో మొదలుపెట్టాను నెట్టా. నీకు చెప్పాల్సినవన్నీ వరసగా పేర్చుకుంటున్నాను. మధ్యలో జస్టీనా వచ్చి కూర్చుంది. అమ్మ అంత్యక్రియలకి రాలేదే, అని మళ్లీ అడగబోయాను. అడగలేకపోయాను. ప్రభువు దాని పక్కనే ఉన్నట్టుంది." ఆయన రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టాడు. "ఇన్నేళ్లుగా దానికోసం ప్రార్థన చేస్తున్నాను. తిట్టకుండా చెయ్యడం ఇవాళే. దగ్గాలన్న సంగతే మర్చిపోయాను."

మరీఖెన్ లేచి ఆయన చల్లారిన కాఫీ పారబోసి, వేడిది పోసింది. పోసి, ఆయన భుజం మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడింది.

ఒక గుక్క తాగి ఆయన మళ్లీ సంఘపెద్ద గొంతుతో అడిగాడు. "అక్కడ ఎవరి పేరు అనుకుంటావు?"

"ప్రభువు పేరే అన్నయ్యా. ఇంకొకటి నా నోట్లోకి రానివ్వను."

"నువ్వు ఇంకెవరి పేరైనా అనమని బలవంతం చేస్తావా అమ్మా?" అని ఒక్సానా వైపు తిరిగాడు.

"నెట్టా గారిని బలవంతం చెయ్యడమా?" అంది ఒక్సానా. "మొదటిరోజే నేను చెప్పిన మాటని పుట్టగొడుగుతో పోల్చారు."

మరీఖెన్ నవ్వుకు రొట్టె తుంపులు బల్లంతా పడ్డాయి. ఐజాక్ నవ్వలేదు గానీ, ఆయన ముఖం విడింది.

"ఖాళీగా కూర్చోవడం వేరు, ఒకరి ముందు కూర్చోవడం వేరు" అన్నాడు నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "నా చెల్లెలికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కేకలేశానంతే. పిల్లలకి నువ్వు చెప్పావా నెట్టా?"

నెట్టా సిగ్గుపడింది. "చెప్పలేదు అన్నయ్యా. ఊపిరి చూసుకోమన్నాను గానీ, అది ఇచ్చినాయన ఎవరో చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి వాళ్లకీ తెలుసనుకున్నాను. యేకబ్ భయపడ్డాడంటే తప్పు నాదే. నేనే వెళ్లి మాట్లాడతాను."

"చెప్పు మరి. పిల్లలకి చెప్పాక కూర్చోబెట్టు. క్లాసు నీదే. పెద్దలకి నేను చెప్పుకుంటాను." ఆయన రొట్టె నోట్లో పెట్టుకుని, నమిలి, వేలెత్తాడు. "మంగళవారాలు నాకింకా నచ్చలేదు. అది కూడా చెప్తున్నాను."

"నచ్చకపోతే నచ్చకపోయింది. నాతో రండి. కింద కర్లింగ్ చూస్తూ కూర్చుందురు గాని."

"నీ గురక వినడానికా?" అన్నాడు ఐజాక్.

ఆ సంగతి ఆయనదాకా వచ్చిందని నెట్టాకు అప్పుడే తెలిసింది. ఇక ఆవిడ నోటికి తాళం పడలేదు. రొట్టెలు అయిపోయేదాకా, బీట్‌రూట్ పచ్చడి సగం ఖాళీ అయ్యేదాకా, జస్టీనా బడిలో ఎలా పాడేదో, ఏ చెట్టెక్కి గౌను చింపుకుందో చెబుతూనే ఉంది. ఐజాక్ ప్రతి మాటా తలూపుతూ విన్నాడు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి అడిగాడు.

"జస్టీనా ఇంకా అలాగే కూర్చుంటుందంటావా? కళ్లు మూసుకుని?"

"నాకేం తెలుసు అన్నయ్యా? ఫోన్ చేసి అడగండి."

"అడిగితే ఏమంటుందో."

"కూర్చుంటే, ఎవరి ముందని అడగండి. కేకలెయ్యకుండా అడగండి."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం నెట్టా తలుపు తెరిచేసరికి కాళ్లన్నీ పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనక, పిల్లల కోసం చేసిన అరచేయంత కుర్చీలో, మోకాళ్లు చెవులదాకా వచ్చి, ఐజాక్ డ్యూక్ కూర్చుని ఉన్నాడు. చూడ్డానికొచ్చానన్నాడు.

"పిల్లలూ, ఊపిరి తీసుకోండి. ఇది మీకు ఎవరిచ్చారు?"

"దేవుడు" అన్నారందరూ.

"మా అమ్మ" అంది లీనా.

"మీ అమ్మకి ఎవరిచ్చారు?"

లీనా కాసేపు ఆలోచించి, "మా అమ్మమ్మ" అంది.

"ఆవిడకి?"

"నెట్టా అత్తా, ఇలా అడుగుతూ పోతే ఎప్పుడు కూర్చుంటాం?"

"సరే. చివర్న ఉన్నది దేవుడే, నన్ను నమ్ము. ఇప్పుడు ఆయన మనల్ని చూస్తున్నాడు. మనం కూడా ఆయన్ని చూస్తూ కూర్చుందాం."

కళ్లు మూశారు. ఒకరు తుమ్మారు. ఎవరి బూటో నేలకు రాసుకుంది. కిటికీ బయట కరిగిన నీళ్లు కాలువలో పడి పారుతున్నాయి. వెనక కుర్చీలోంచి వెంటనే, ఈసారి మర్చిపోకుండా, చిన్న దగ్గు వినబడింది. పిల్లలు కళ్లు తెరిచి వెనక్కి చూశారు. సంఘపెద్ద లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. కుర్చీ ఆయనతో పాటే లేస్తోంది. నెట్టా చెప్పకముందే పిల్లలు ఆయన చేతులు చెరొకవైపూ పట్టుకుని, కాళ్లు నేలకు తన్నిపెట్టి, పకపకా నవ్వుతూ లాగడం మొదలుపెట్టారు.